పాటలో ఉన్న జ్ఞానం ఎంతవరకు పదిలం? ఆఫ్రికా మౌఖిక సంప్రదాయాలపై ఒక పరిశీలన

2024 మే 24న జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్య దేశాలు ఒక ఒప్పందాన్ని ఆమోదించాయి. మొక్కల నుంచో సూక్ష్మజీవుల నుంచో ఏదైనా కనిపెట్టి పేటెంట్ అడిగేవాళ్లు, ఆ మొక్క ఏ దేశానిదో, దాని గుణం ఏ స్థానిక సమాజం చెబితే తెలిసిందో దరఖాస్తులోనే చెప్పాలన్నది అందులో ముఖ్యమైన షరతు. 15 దేశాలు ధ్రువీకరిస్తే అది అమల్లోకి వస్తుంది.

వినడానికి సూటిగానే ఉంది. "ఈ సంగతి మాకు ఎప్పటినుంచో తెలుసు" అని ఒక సమాజం రుజువు చేసుకోవాల్సి వచ్చినప్పుడే చిక్కు. మన దేశం 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టి, ఆయుర్వేద, సిద్ధ, యునాని గ్రంథాల్లోని మందుల యోగాలను విదేశీ పేటెంట్ ఆఫీసులు చదవగలిగే రూపంలో పెట్టింది. గ్రంథాలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ పని కుదిరింది. సహారాకు దక్షిణాన చాలా సమాజాల్లో ఇలాంటి సంగతులు పద్యంలో, పాటలో, డోలు దరువులో ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా ఎలా చూపించాలి? అంతకన్నా ముందు, పాటలో జ్ఞానం నిలుస్తుందంటే అది ఎలా నిలుస్తుంది?

ముందే ఒక మాట. ఆఫ్రికా అంతా నోటిమాట మీదే నడిచిందనుకోకూడదు. ఇథియోపియాలో గీజ్ లిపిలో రాతప్రతులున్నాయి, టింబక్టులో అరబిక్ ప్రతులు పెట్టెలకొద్దీ ఉన్నాయి, హౌసా, స్వాహిలీ భాషలను అరబిక్ అక్షరాల్లో శతాబ్దాలుగా రాశారు. ఇక్కడ మాట్లాడుకునేది రాత లేకనో, రాత ఉన్నా దాన్ని పక్కన పెట్టో, కావాలని నోటితోనే నిలుపుకున్న విషయాల గురించి.

"గ్రంథాలయం తగలబడింది" అనే పోలికతో వచ్చే తంటా

మాలి దేశపు రచయిత అమదు హంపాతే బా 1960లో యునెస్కోలో అన్న మాట ఈ చర్చలో ఎప్పుడూ వినిపిస్తుంది: ఆఫ్రికాలో ఒక ముసలాయన చనిపోతే ఒక గ్రంథాలయం తగలబడినట్టే. మనసుకు తగిలే మాటే. కానీ విషయం అర్థం చేసుకోవడానికి మాత్రం అడ్డొస్తుందని నా అభిప్రాయం. పుస్తకం ఎవరూ చదవకపోయినా అలమారాలో పడి ఉంటుంది. పాటను ఒక్క తరం పాడకపోతే అంతే సంగతులు. పుస్తకం ఎవరు తెరిచినా ఒకే మాట చెబుతుంది. పాడే మనిషి మాత్రం ఎదుట ఎవరున్నారు, ఎవరు డబ్బిచ్చారు, ఏ సందర్భం అన్నది చూసుకుని చెబుతాడు.

అందుకే "మౌఖిక సంప్రదాయం" అని గంపగుత్తగా అనకుండా, ఏ రూపం ఏ రకం సమాచారాన్ని పట్టుకోగలదో విడివిడిగా చూడాలి. స్థానిక జ్ఞానం అనే మాటలో కూడా నాలుగైదు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి: ఎవరు ఎవరి సంతానం, ఏ ఆకు దేనికి, ఏ పని ఎలా చేయాలి, ఎవరితో ఎలా మెలగాలి. వీటన్నిటికీ ఒకే రకం పాట పనికిరాదు.

డోలు మాట్లాడటం వెనక ఉన్న లెక్క

కాంగో నది ఎగువన యకుసులో పనిచేసిన బ్రిటిష్ మిషనరీ జాన్ కారింగ్టన్ అక్కడి కేలే భాషనూ, ఆ భాషలో డోలు వాయించడాన్నీ నేర్చుకుని 1949లో దాని గురించి పుస్తకం రాశాడు. ఆ డోలుకు తోలు ఉండదు. పెద్ద దుంగను సన్నని చీలిక గుండా లోపల తొలుస్తారు. చీలికకు ఒక పక్క కొడితే హెచ్చు స్వరం, రెండో పక్క కొడితే తగ్గు స్వరం. దాని దగ్గరున్నవి ఈ రెండే.

కేలే స్వరభేదం ఉన్న భాష. ప్రతి అక్షరానికీ హెచ్చో తగ్గో ఉంటుంది, అది మారితే అర్థం మారుతుంది. డోలు ఆ హెచ్చుతగ్గులను మాత్రమే పలుకుతుంది. హల్లులు, అచ్చులు అన్నీ పోతాయి. ఇప్పుడు సమస్య చూడండి. "సోంగె" అంటే చంద్రుడు, "కోకో" అంటే కోడి. రెంటికీ రెండేసి హెచ్చు స్వరాలే. డోలు మీద రెండు దెబ్బలు వినిపిస్తే చంద్రుడా, కోడా?

అందుకే వాయించేవాడు మాట ఒక్కటే వాయించి ఊరుకోడు. చంద్రుడికి "సోంగె లి తంగె ల మంగ" అంటాడు, అంటే నేల వైపు చూసే చంద్రుడు. కోడికి "కోకో ఒలోంగో ల బొకియోకియో" అంటాడు, కియోకియో అనే చిన్నారి కోడి. మొదటి రెండు దెబ్బలు ఒకటే అయినా, పాదం పూర్తయ్యేసరికి హెచ్చుతగ్గుల వరస వేరైపోతుంది, సందేహం తీరిపోతుంది. ఇందుకు అయ్యే ఖర్చు నిడివి: డోలు సందేశం మామూలు మాటకు దాదాపు ఎనిమిది రెట్లు పొడవుంటుంది. సమాచార సాంకేతికత నిపుణులు దీన్ని "అదనపు సమాచారంతో తప్పు పట్టుకోవడం" అంటారు. కేలే వాళ్లు దాన్ని కవిత్వంతో సాధించారు.

ఈ ఉదాహరణలో రెండు విషయాలు గమనించాలి. ఇక్కడ వర్ణన అలంకారం కోసం రాలేదు, సందేశం తప్పు పోకుండా కాపాడటం దాని పని. రెండోది, డోలుకు పరిమితి ఉంది. ఊరంతా ఒప్పుకున్న పాదం పుట్టేదాకా కొత్త వస్తువు పేరు డోలు మీద పలకదు. పిల్లలు ఆ పాదాలు నేర్చుకోవడం మానేస్తే డోలు చెక్కుచెదరకుండా ఉన్నా మూగదే. తన కాలానికే చిన్నవాళ్లు దీన్ని వదిలేస్తున్నారని కారింగ్టన్ గమనించాడు.

నైజీరియా యోరుబాల దుందున్ డోలు ఇంకాస్త ముందుకెళ్తుంది. యోరుబాలో మూడు స్థాయిల స్వరాలుంటాయి. రాతలో ఒకే అక్షరాలతో కనిపించే మాట స్వరం మారితే భర్త, పార, ఈటె, వాహనం అని నాలుగు అర్థాలిస్తుంది. నడుము సన్నగా ఉండే దుందున్‌ను చంకలో పెట్టుకుని తాళ్లను నొక్కితే స్వరం జారుతూ మూడు స్థాయిలూ పలుకుతుంది. డోలు వాయించే కుటుంబాల్లో పేర్లు "అయన్" అని మొదలవుతాయి. వృత్తి వంశంలో నడుస్తుంది కాబట్టి, ఊళ్లో ఏ కుటుంబాన్ని ఏ స్తుతిపాదంతో పలకాలో ఆ ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే పట్టుబడుతుంది.

ఇఫా: పదహారు గింజలు, 256 విభాగాలు

పద్యాలు వేలల్లో ఉన్నప్పుడు, కావలసినది ఎలా వెతకాలి? యోరుబాల ఇఫా దీనికి ఇచ్చిన జవాబు నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉంటుంది. యునెస్కో 2005లో దీన్ని గుర్తించింది. బయటివాళ్లకు అది జోస్యంగా కనిపిస్తుంది. లోపల ఉన్న ఏర్పాటు మాత్రం గణితం.

ఇఫా చెప్పే బబలావో చేతిలో పదహారు తాటిజాతి గింజలుంటాయి. ఒక్క గుప్పిటతో అన్నీ లాగేసే ప్రయత్నం చేస్తాడు. రెండో చేతిలో ఒక గింజ మిగిలితే పొడి చల్లిన పలక మీద రెండు గీతలు గీస్తాడు. రెండు మిగిలితే ఒక గీత. మరో లెక్క వస్తే ఆ వంతు చెల్లదు. ఇలా ఎనిమిది గుర్తులు, నాలుగేసి చొప్పున రెండు వరుసలు. ఒక్కో గుర్తుకు రెండే అవకాశాలు కాబట్టి, ఒక వరుసకు 16 రూపాలు, రెండు వరుసలకు 16 × 16, అంటే 256. ఈ 256లో ప్రతిదానికీ పేరుంది, దాన్ని ఓడు అంటారు. ఎనిమిదీ ఒంటి గీతలైతే ఎజి ఓగ్బె, అన్నిటికన్నా పెద్దది. అన్నీ జంట గీతలైతే ఒయెకు మెజి.

ప్రతి ఓడు కింద ఎన్నో పద్యాలుంటాయి. వాటికి ఒక చట్రం ఉంది: ఫలానా బబలావోలు, ఫలానా మనిషి ఈ కష్టంతో వచ్చినప్పుడు ఇఫా చూశారు, ఇది సమర్పించమన్నారు, ఆ మనిషి చేశాడు లేదా చేయలేదు, ఇలా జరిగింది. వచ్చినవాడు తన కష్టానికి సరిపోయే పద్యం తగిలేదాకా వింటాడు. ఈ కథల్లో జంతువుల నడవడి, చెట్ల గుణాలు, ఊళ్లు కట్టిన వైనం అన్నీ దొర్లుతాయి. శిష్యులు ఏళ్ల తరబడి గురువు దగ్గరుండి నేర్చుకుంటారు. చట్రం స్థిరంగా ఉండటంతో ఎక్కడైనా ఒక భాగం ఎగిరిపోతే వినేవాళ్లకే తెలిసిపోతుంది.

అయితే ఇది మూసేసిన సంపుటం కాదు. ఇస్లాం ఆ ప్రాంతానికి వచ్చాక, ఒతురా మెజి అనే ఓడు పద్యాల్లో ముస్లింల ప్రస్తావన చేరింది. చట్రం పాతదే, అందులోకి కొత్త సంగతులు వస్తూనే ఉంటాయి. కాబట్టి ఏ పద్యం ఎంత పాతదో ఓడు పేరు చూసి చెప్పలేం.

మందుల విషయంలో ఇంకో మెలిక ఉంది. 1953లో బబలావోగా దీక్ష తీసుకున్న ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పియర్ వెర్జె యోరుబాల మూలికల యోగాలు సేకరించి ఒక సంగతి గమనించాడు. చాలా యోగాల్లో ఆకు పేరులోని ఒక అక్షరం, కోరుకునే పనిని చెప్పే క్రియతో కలుస్తుంది, మంత్రం ఆ రెంటినీ ముడివేస్తుంది. దీని మీద రెండు రకాల వాదనలు వినిపిస్తాయి. ఆకును శబ్దసామ్యం కోసం ఎంచుకున్నారు కాబట్టి వైద్యగుణం వెతకడం వృథా అని కొందరు. ఆకు గుణం ముందే తెలుసు, గుర్తుండటానికి శబ్దం ముడివేశారు అని మరికొందరు. నా ఉద్దేశంలో ఒక్కో ఆకుకు విడిగా పరీక్ష చేయాల్సిందే, మొత్తానికి ఒకే తీర్పు పనికిరాదు.

సొమాలీ గబై: మాట జారనివ్వని ఛందస్సు

సొమాలీ భాషకు అధికారికంగా లిపి వచ్చింది 1972లో. అప్పటిదాకా పెద్ద పద్యాలు నోటిలోనే బతికాయి, అవీ ఫలానా కవివని పేరుతో సహా. వాటిలో గంభీరమైనది గబై. మన పద్యంలో యతి ఒక పాదానికి పరిమితం, తర్వాతి పాదంలో అక్షరం మారవచ్చు. గబైలో ఒక అక్షరాన్ని ఎంచుకుంటే, పద్యం వంద పాదాలున్నా ప్రతి పాదంలోని రెండు సగాల్లోనూ ఆ అక్షరంతో మొదలయ్యే మాట ఒకటి ఉండి తీరాలి. మాత్రల లెక్క దీనికి అదనం. ఈ ఛందస్సు నియమాలను 1970ల్లో సొమాలీ పండితులు సూత్రీకరించేదాకా, వాటిని చెవితోనే పాటించారు.

దీని వల్ల ఏమవుతుందంటే, పాడేవాడు ఒక మాట మరిచిపోయి మరో మాట వేయబోతే అక్షరం కుదరదు, కుదిరినా మాత్ర తప్పుతుంది. కంఠస్థం చేసి వినిపించేవాడు కవి మాటను మార్చకూడదన్నది మర్యాద కూడా. పాఠభేదాలు అసలు లేవని కాదు. కథాగానంతో పోలిస్తే చాలా తక్కువ.

1913లో దుల్ మదోబ దగ్గర జరిగిన పోరులో బ్రిటిష్ అధికారి రిచర్డ్ కార్ఫీల్డ్ చనిపోయాడు. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడిన దర్వేష్‌ల నాయకుడు సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ ఆ చనిపోయినవాడినే పిలుస్తూ, పరలోకంలో ఏం చెప్పాలో బోధిస్తూ పద్యం అల్లాడు. అది ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. మాటలు పదిలంగా ఉన్నాయి, నిజమే. కానీ అవి గెలిచినవాడి మాటలు. పాఠం చెదరకపోవడం వేరు, అందులో చెప్పినదంతా జరిగినట్టే జరగడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం ఈ విషయం మీద రాసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు.

ఏడుగురు కొడుకులు ఐదుగురైన వైనం

ఇక అనుమానించేవాళ్ల పక్షం. వాళ్ల చేతిలో గట్టి ఉదాహరణ ఉత్తర ఘనాలోని గోంజా రాజ్యం. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి కథను రాసుకున్నప్పుడు, రాజ్యస్థాపకుడు జాక్పాకు ఏడుగురు కొడుకులు. రాజ్యంలో అప్పటికి ఏడు విభాగాలు, ఒక్కో దానికి ఒక్కో కొడుకు మూలపురుషుడు. ఆ రోజుల్లోనే రెండు విభాగాలు కనుమరుగయ్యాయి. ఒకటి దండెత్తి వచ్చిన సమోరికి సాయం చేసిందని పక్కదాంట్లో కలిపేశారు, ఇంకోటి బ్రిటిష్ వాళ్లు సరిహద్దులు మార్చడంతో పోయింది. 60 ఏళ్ల తర్వాత మళ్లీ కథ రాసుకుంటే జాక్పాకు ఐదుగురే కొడుకులు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. వర్తమానంలో పనిలేని సంగతి జారిపోయింది, అంతే.

దీన్ని ప్రచారంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త జాక్ గుడి, ఘనాలోనే లోదగా వాళ్ల బాగ్రె అనే దీర్ఘ పఠనాన్ని వేర్వేరు కాలాల్లో నమోదు చేసి చూశాడు. వినేవాళ్లు "అంతా ఒకటే" అన్నారు. పక్కపక్కన పెడితే పెద్ద తేడాలు. రికార్డు చేసుకుని పోల్చే సాధనం లేనిచోట "ఒకటే" అనే మాటకు కొలత వేరని దీంతో తేలింది.

గ్రియోల మాట మీద రెండు వివాదాలు

పశ్చిమ ఆఫ్రికా మాండె ప్రాంతంలో చరిత్ర చెప్పడం జెలి కులం పని. ఫ్రెంచి వాళ్లు గ్రియో అన్నారు. 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యం స్థాపించిన సుంజాత కథ వీళ్ల సొత్తు. కుయాతే వంశం దగ్గర, గినీలోని నియాగసోలాలో ఆ కాలపుదని చెప్పే బాలాఫోన్ వాద్యం ఇప్పటికీ ఉంది. 14వ శతాబ్దంలో మాలి వెళ్లిన ఇబ్న్ బతూతా, పక్షి ఈకల వేషం వేసుకున్న కవులు రాజు ముందు నిలబడి, ఈ ఆసనం మీద కూర్చున్న పాత రాజుల మంచిపనులు చెప్పడం చూశానని రాశాడు. అంటే వ్యవస్థ పాతదే, అనుమానం లేదు.

మొదటి వివాదం ఒక పుస్తకం మీద. అమెరికా రచయిత అలెక్స్ హేలీ "రూట్స్" తెలుగులో సహవాసి అనువాదం "ఏడు తరాలు"గా చాలామంది ఇళ్లలో ఉంది. గాంబియాలోని జుఫురె గ్రామంలో ఒక వృద్ధుడు వంశావళి చెబుతూ, హేలీ తన పూర్వీకుడని చెప్పుకున్న కుంటా కింటె పేరు పలకడం ఆ పుస్తకానికి ఆయువుపట్టు. 1977లో బ్రిటిష్ జర్నలిస్టు మార్క్ ఒట్టావే, ఆ తర్వాత చరిత్రకారుడు డొనాల్డ్ రైట్ ఆ ఘట్టాన్ని పరిశీలించారు. చెప్పిన మనిషి పద్ధతి ప్రకారం శిక్షణ పొందిన జెలి కాడనీ, హేలీ దేని కోసం వెతుకుతున్నాడో ఊరికి ముందే తెలుసనీ వాళ్లు చూపించారు. ఆ పుస్తకం బానిసత్వం గురించి చెప్పిన నిజాలు దీంతో అబద్ధం కావు. అడిగేవాడి ఆశకు తగ్గట్టు జవాబు మలుచుకోవచ్చన్నది మాత్రం తేలింది.

2024లో కన్నుమూసిన కొరా అనే తీగల వాద్యంలో విద్వాంసుడు తుమానీ జియాబాతేను 71 తరాల గ్రియో వంశం వాడని పరిచయం చేసేవారు. తరానికి 25 ఏళ్లు వేసుకున్నా 1,775 ఏళ్లు, అంటే సుంజాతకు వెయ్యేళ్లు ముందు. కొరా గురించి మనకు దొరికే తొలి రాత మాత్రం 1799లో వచ్చిన ముంగో పార్క్ యాత్రా గ్రంథంలోది. నేనైతే ఆ అంకెను సంవత్సరాల లెక్కగా తీసుకోను. వంశం హోదాను చెప్పే పద్ధతి అది.

రెండో వివాదం ఇంకా రగులుతూనే ఉంది. సుంజాత గెలిచాక కురుకన్ ఫూగ మైదానంలో సభ జరిపి రాజ్యానికి నియమాలు పెట్టాడని సంప్రదాయం. 1998లో గినీలోని కాంకాన్‌లో గ్రియోలను కూర్చోబెట్టి పాఠాలు పోల్చి, ఆ నియమాలను 44 అంశాలుగా కూర్చారు. ఆ సభలో ప్రకటించారని చెప్పే మాండె శాసనాన్ని 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. విమర్శకులు అంటున్నదేమిటంటే, నంబర్లు వేసిన అంశాలు ఆధునిక రాజ్యాంగాల అచ్చు, మానవహక్కుల పత్రం ఆఫ్రికాలో ముందే ఉందని చూపాలన్న తపన దాన్ని మలిచింది. సమర్థించేవాళ్లు అంటారు: కూర్పు కొత్తదే, కానీ వంశాల మధ్య పరిహాస సంబంధాల వంటి ఆచారాలు ఎప్పటినుంచో నడుస్తున్నవే.

ఆ 44లో ఒకటి చూడండి. పొదలకు నిప్పు పెట్టే ముందు నేల వైపు చూడొద్దు, తలెత్తి చెట్ల కొమ్మల్లో పూతా కాయా ఉన్నాయేమో చూడు అంటుంది. ఇది 1236 నాటిదా అంటే ఎవరూ నిరూపించలేరు. పనికొచ్చే మాటేనా అంటే, పొదలు తగలబెట్టి సాగుచేసే నేలలో ఏ కాలానికైనా పనికొచ్చే మాటే. కాలం లెక్కలో ఓడిపోయిన వాక్యం, చెప్పిన సంగతిలో గెలవొచ్చు. వాదించుకునే రెండు పక్షాలూ ఈ రెండు ప్రశ్నలనూ తరచూ ఒకటిగా కట్టేస్తున్నాయి.

చట్టం దగ్గరికి వచ్చేసరికి

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక వేటగాడి పాటలో ఫలానా బెరడు కషాయం పుండు మాన్పుతుందని ఉంది. ఒక కంపెనీ ఆ బెరడు సారానికి పేటెంట్ అడిగితే జెనీవా ఒప్పందం వర్తిస్తుంది, మూలం చెప్పాలి. అదే పాటను ఎవరైనా రీమిక్స్ చేసి అమ్ముకుంటే ఆ ఒప్పందానికి సంబంధం లేదు, అది మొక్కల వంటి జన్యు వనరులు, వాటితో ముడిపడిన జ్ఞానం గురించి మాత్రమే. ఆఫ్రికా దేశాల ప్రాంతీయ మేధోసంపత్తి సంస్థ 2010లో నమీబియాలోని స్వకోప్‌ముండ్‌లో కుదుర్చుకుని 2015లో అమల్లోకి తెచ్చిన ప్రోటోకాల్ జ్ఞానాన్నీ, జానపద వ్యక్తీకరణలనూ రెండింటినీ పట్టించుకుంది, కానీ వేర్వేరు అధ్యాయాల్లో. పాడేవాడికి ఒక్కటైన పాట చట్టంలో రెండు ముక్కలు.

సాక్ష్యం కోసం రికార్డు చేయడంలోనూ ఇబ్బందులున్నాయి. దక్షిణాఫ్రికాలో హ్యూ ట్రేసీ 1954లో పెట్టిన అంతర్జాతీయ ఆఫ్రికా సంగీత గ్రంథాలయం దగ్గర వేలకొద్దీ పాటలున్నాయి. 2014లో కొన్నిటిని కెన్యాలోని కిప్సిగిస్ సమాజానికి తిరిగి అందించారు కూడా. అందరూ పాడుకునే పాటలకు ఇది మేలే. దీక్ష తీసుకున్నవాళ్లే వినాల్సిన పద్యాల వంటివి మాత్రం అందరికీ తెరిస్తే సంప్రదాయమే తప్పుతుంది. తెరవకపోతే పేటెంట్ పరిశీలకుడి కంటికి అవి లేనట్టే. మన డిజిటల్ లైబ్రరీ మొదట్లో పాటించిన, పేటెంట్ ఆఫీసులకు మాత్రమే చూపించే పద్ధతి దీనికి సగం జవాబు. మిగతా సగం, నమోదు చేసిన పాఠాల్లో తేడాలుంటే దేన్ని అసలుదిగా తీసుకోవాలన్నది. బాగ్రె విషయంలో గుడికి ఎదురైన ప్రశ్నే రేపు పేటెంట్ ఆఫీసులో వస్తుంది, అక్కడ "అంతా ఒకటే" అన్న జవాబు చెల్లదు.